9 నెలల పాపకి డేకేర్: చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం గమనించాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాలి, పాపని చూసుకోవడానికి ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరు. రెండు డేకేర్లు చూసొచ్చాం. ఒకటి కొత్తది, గోడల నిండా బొమ్మలు, ఫోన్‌లో ఎప్పుడైనా కెమెరా చూసుకోవచ్చట. రెండోది చిన్నది, గోడల రంగు కూడా వెలిసిపోయింది. కానీ మేం వెళ్ళేసరికి ఒకామె కింద కూర్చుని ముగ్గురు పిల్లల్ని ఆడిస్తోంది, మమ్మల్ని చూసి కూడా లేవలేదు, "ఒక్క నిమిషమండీ" అని మళ్ళీ వాళ్ళ వైపు తిరిగిపోయింది. మా వారికి మొదటిది నచ్చింది, నా మనసు రెండోదాని మీదే ఉంది, ఎందుకంటే మాత్రం చెప్పలేకపోతున్నాను. పిల్లల్ని పంపినవాళ్ళు చెప్పండి, అసలు ఏం చూడాలి, ఏం అడగాలి? టెన్షన్‌తో రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు.

జవాబు 1:
ఆమె లేవలేదు చూశారా, మీ మనసు అటు పోవడానికి కారణం అదే. నా ఇద్దరు పిల్లలూ డేకేర్‌లోనే పెరిగారు. లైసెన్స్, తనిఖీ రిపోర్టు ఎలాగూ అడుగుతారు, దానికంటే ముఖ్యంగా మీ పాప ఉండే గదిలో ఎంతమంది పిల్లలకి ఎంతమంది పెద్దవాళ్ళో అడగండి. మొత్తం స్టాఫ్ ఎంతమంది అని అడిగితే పెద్ద అంకె చెప్తారు, అందులో వంటవాళ్ళు, ఆఫీసులో కూర్చునేవాళ్ళు కూడా ఉంటారు. ఏడాదిలోపు పిల్లలకైతే ఒకరికి ముగ్గురు, మహా అయితే నలుగురు, అంతకు మించితే నేను పంపను. స్టాఫ్ భోజనానికి వెళ్ళినప్పుడు, సాయంత్రం సగం మంది ఇంటికి వెళ్ళిపోయాక గదిలో ఎవరుంటారో కూడా అడగండి, చాలాచోట్ల లెక్క తప్పేది అప్పుడే. కెమెరా మంచిదే, కానీ పాప ఏడిస్తే ఎత్తుకోవాల్సింది మనిషే కదా.

జవాబు 2:
నేను పిల్లల వార్డులో నర్సుని. దయచేసి పిల్లలు పడుకునే టైమ్‌కి వెళ్ళి చూడండి. ఏడాది నిండేదాకా ప్రతిసారీ వెల్లకిలానే పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా, సమంగా ఉండాలి, దిండు, దుప్పటి, మెత్తటి బొమ్మలు ఏవీ పక్కన ఉండకూడదు. మీ పాప తనంతట తను బోర్లా తిరిగితే ఫర్వాలేదు, కానీ పడుకోబెట్టడం మాత్రం వెల్లకిలానే. కారు సీటులోనో ఊపే కుర్చీలోనో నిద్రపోయిన పిల్లల్ని అలాగే వదిలేస్తే తల ముందుకి వాలి ఊపిరి అందకపోవచ్చు, అందుకే తీసి మంచం మీద వెయ్యాలి.

ఇంకోటి, గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేస్తారో ఆ గదిలో ఉండే ఆమెనే అడగండి, మేనేజర్‌ని కాదు. ఏడాదిలోపు పాపని ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని భుజాల మధ్య 5 సార్లు గట్టిగా తట్టాలి, రాకపోతే తిప్పి ఛాతీ మధ్యలో 5 సార్లు నొక్కాలి. ఈ మాట తడుముకోకుండా చెప్పగలగాలి. డైపర్ మార్చిన ప్రతిసారీ చేతులు కడుగుతున్నారా, మందు వేస్తే టైమ్, మోతాదు రాసిపెడుతున్నారా, జ్వరం వచ్చిన పిల్లల్ని ఎప్పటిదాకా రానివ్వరు, ఇవి కూడా అడగండి. మందు వెయ్యకుండా 24 గంటలు జ్వరం లేకపోతేనే రానిస్తాం అంటే సరైన పద్ధతే.

జవాబు 3:
నేను ఆరేళ్ళు డేకేర్‌లో పనిచేశాను. ఇక్కడ ఎన్నాళ్ళుగా చేస్తున్నారు అని స్టాఫ్‌ని విడివిడిగా అడగండి. అందరూ రెండు మూడు నెలలే అంటే ఆలోచించాల్సిందే, ఎందుకంటే పసిపిల్లలకి రోజూ అదే ముఖం కనపడాలి. నేను చేసినచోట ఒకసారి ఒక బాబు నుదుటికి దెబ్బ తగిలితే "అమ్మ అడిగితేనే చెప్పండి" అన్నారు, ఆ నెలే నేను మానేశాను. దెబ్బ చిన్నదైనా అదే రోజు రాసి, తల్లిదండ్రులకి చూపించి సంతకం పెట్టించుకునే పుస్తకం ఉండాలి. ఉంటే చూపించమనండి, పూర్తిగా ఖాళీగా ఉంటే నేనైతే నమ్మను, పిల్లలన్నాక పడకుండా ఉండరు. మీరు పేర్లు ఇచ్చినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ పాపని అప్పగించకూడదు, ఆ విషయం కూడా ముందే తేల్చుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. నిన్న మధ్యాహ్నం చెప్పకుండా రెండుచోట్లకీ వెళ్ళాం. మొదటిచోట అపాయింట్‌మెంట్ లేకుండా కుదరదన్నారు. పిల్లలు నిద్రపోయే టైమ్, పోనీ అనుకుని, పాపని చేర్చాకైనా చెప్పకుండా రావచ్చా అని అడిగితే దానికీ కుదరదన్నారు, మా వారి ముఖం మారిపోయింది. రెండోచోట చెప్పులు విప్పించి లోపలికి రానిచ్చారు. పిల్లలందరూ వెల్లకిలానే ఉన్నారు, దెబ్బల పుస్తకం పేర్లు మూసి చూపించారు. మెట్ల దగ్గర గేటు గొళ్ళెం మాత్రం సరిగ్గా పడట్లేదు. అది చెప్తే ఆమె అప్పటికప్పుడు వచ్చి చూసి, మెట్లకి అడ్డంగా బల్ల జరిపి, బాగుచేసేవాళ్ళకి ఫోన్ చేసింది. గేటు బాగయ్యాక ఇంకోసారి చూసి చేర్పిస్తాం.

జవాబు 1:
మంచి పని చేశారండీ. ఈ వయసులో అమ్మ కనపడకపోతే బాగా ఏడుస్తారు, అది చూసి డేకేర్ మంచిది కాదేమో అని వెంటనే అనుకోకండి. మొదటి రోజు మీరూ పక్కనే గంటసేపు కూర్చోండి, తర్వాత కాసేపు బయటికి వెళ్ళి రండి, అలా మెల్లగా పెంచండి. వెళ్ళేటప్పుడు మాత్రం దొంగచాటుగా వెళ్ళకండి, పాపకి చెప్పే వెళ్ళండి. ఆఫీసు మొదలవ్వడానికి రెండు వారాల ముందే ఇది మొదలుపెడితే మీక్కూడా కాస్త నిద్ర పడుతుంది.