ఫిబ్రవరిలో రిమిని వెళ్లొచ్చా?

పటమట వాసి:
మా అబ్బాయి ఇటలీలో, బొలోన్యాలో చదువుతున్నాడు. ఫిబ్రవరి మొదటి వారంలో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. ఆవిడకి సముద్రమంటే ప్రాణం. రైల్లో గంటేగా, రిమినిలో రెండు రాత్రులు ఉందామంటుంది. మావాడేమో "చలికాలం అక్కడ నరమానవుడు కనపడడు నాన్నా" అంటున్నాడు. ఆ రోజుల్లో వెళ్లొచ్చినవాళ్లున్నారా? మేం శాకాహారులం, అదో టెన్షన్.

అరండల్‌పేట అత్తయ్య:
రెండేళ్ల కిందట సరిగ్గా అప్పుడే వెళ్లాం అన్నయ్యగారూ. మీవాడు చెప్పింది నిజమే. ఎండాకాలం గొడుగులూ పడక కుర్చీలూ అద్దెకిచ్చే 'బాన్యో'లు ఒడ్డు పొడుగునా ఉంటాయి, ఒక్కోదానికి ఒక నంబరు. అన్నీ మూసేశారు. వాటి ముందు ఇసుక గట్టులా పోసి ఉంది. ఏదో కడుతున్నారేమో అనుకున్నా. తుఫాను అలలు లోపలికి రాకుండా చలికాలం పోస్తారట, మన కరకట్టలాగే. నా మోకాళ్లతో ఆ గట్టెక్కితే గానీ సముద్రం కనపడలేదు. ఎక్కాక మాత్రం దిగబుద్ధి కాలేదు.

మన సూర్యలంకలాగే తూర్పు సముద్రం. ఫిబ్రవరి మొదట్లో పొద్దు పొడిచేది ఏడు దాటాకే, బద్ధకస్తులకీ అందుతుంది. మావారు మంకీ క్యాప్ పెట్టుకుని ఫ్లాస్కు కాఫీతో నిలబడితే, కుక్కని తిప్పుతున్న పెద్దాయన ఆగి మరీ చూశాడు.

మేం చేసిన తప్పు ఒడ్డునే గది తీసుకోవడం. హీటరు పేరుకే ఉంది. చీకటి పడితే చుట్టూ నాలుగు వీధుల్లో ఒక్క కిటికీలో దీపం లేదు, టీ చుక్కకి దిక్కు లేదు. మీరు పాత ఊళ్లో, తిబేరియస్ వంతెన వైపు చూసుకోండి. ఊరి జనం తిరిగేది అక్కడే. క్రీ.శ. 21లో పూర్తయిన వంతెన, ఇప్పటికీ నడుస్తున్నారు. మావారు ఇరిగేషన్‌లో చేశారు లెండి, ఆ రాళ్లు తడుముతూ అరగంట కదల్లేదు.

తిండికి పియదీనా అని ఉంటుంది, మన పుల్కాకి లావుపాటి అన్న. జాగ్రత్త, పిండిలో పంది కొవ్వు కలుపుతారు, వాళ్ల మాటలో 'స్త్రుట్టో'. ఆలివ్ నూనెతో చేసేవీ దొరుకుతాయి, అడిగి తీసుకోండి. మేం మెత్తటి చీజు పెట్టించుకుని, పైన కందిపొడి చల్లుకుని లాగించాం.

పటమట వాసి:
చాలా థాంక్స్ చెల్లెమ్మా. గది మార్చేస్తాను. కందిపొడి మా ఆవిడ ఇప్పటికే సర్దేసింది.

బొలోన్యాలో తెనాలి కుర్రాడు:
ఆంటీ, ఇక్కడి చీజుల్లో చాలావాటికి పాలు విరగ్గొట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. పార్మిజానో కూడా అంతే. అంకుల్, మీకు పట్టింపైతే టొమాటో, కాల్చిన కూరగాయలు పెట్టించుకోండి.

అరండల్‌పేట అత్తయ్య:
ఓరి నాయనో, రెండేళ్లయ్యాక చెప్తావా! మావారు ఇది చదవకుండా ఫోన్ దాచేయాలి ఇప్పుడు.