మంచినీటి మోరే ఈల్ మేత ముట్టట్లేదు

ప్రశ్న: షాపులో పాములాంటి చేపను ‘మంచినీటి స్నోఫ్లేక్ ఈల్’ అని ఇచ్చారు. చేప అడుగు పొడవు, ట్యాంకు 200 లీటర్లు. మూడు వారాలుగా ఏం వేసినా తినట్లేదు. ఊరికే నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. జబ్బాండీ?

జవాబు: నోరు ఆడించేది ఊపిరి కోసమే, కంగారొద్దు. గొడవంతా నీళ్లది. ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా జిమ్నోథొరాక్స్ టైల్, గంగ సముద్రంలో కలిసే చోట ఉప్పు కలిసిన నీళ్లలో బతికే చేప. మంచినీళ్లలో కొన్నాళ్లు నెట్టుకొచ్చి మేత మానేస్తుంది. మెరైన్ సాల్ట్ (సముద్రపు చేపల ట్యాంకుల్లో వాడే ఉప్పు) కొనండి, వంట ఉప్పు కాదు. మీ ట్యాంకుకి వారానికి సుమారు 600 గ్రాములు, మార్చే నీళ్లలో ముందే కరిగించి మెల్లగా పోయాలి. అలా హైడ్రోమీటర్ (నీళ్ల సాంద్రత కొలిచే పరికరం) రీడింగ్ వారానికి 0.002 చొప్పున పెరిగి 1.010 దాటేదాకా. తొందరపడితే ఫిల్టర్‌లో చేప మలినాల్ని విరిచే బ్యాక్టీరియా దెబ్బతిని, చేపకు విషమైన అమ్మోనియా పెరుగుతుంది.

జవాబు: దానికి చూపు మందం, వాసనే దారి. లైటు ఆర్పాక పచ్చి రొయ్య ముక్కను పొడుగాటి పటకారుతో పట్టుకుని, అది దాక్కున్న పీవీసీ గొట్టం మూతి దగ్గర ఆడించండి. చేత్తో వద్దు, వేలికీ రొయ్యకీ తేడా తెలీదు దానికి. తినడం మొదలెట్టాక వారానికి రెండు మూడుసార్లు చాలు. మిగిలింది వెంటనే తీసేయండి. గోల్డ్‌ఫిష్ మాత్రం వేయకండి, అందులోని ఎంజైమ్ బి1 విటమిన్‌ను విరిచేస్తుంది.

జవాబు: ట్యాంకు మూత సంగతి ఎవరూ అడగలేదే! ఫిల్టర్ పైపు పక్కన కాస్త సందున్నా చాలు, తెల్లారేసరికి ఈల్ నేలమీద ఉంటుంది. స్పాంజి కుక్కండి. రాగి కలిసిన మందులూ వాడొద్దు.