మల్లెమొగ్గలు ఊదారంగుకు తిరిగి రాలిపోతున్నాయి, ఏం చేయాలండి?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. డాబా మీద పదహారు అంగుళాల కుండీల్లో నాలుగు గుండుమల్లె మొక్కలున్నాయి, నాలుగేళ్లవి. రోజంతా ఎండే. జనవరి ఆఖర్లో పది రోజులు నీళ్లు ఆపి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి, కుండీకి రెండు గుప్పెళ్ల పశువుల ఎరువు వేశాను. శివరాత్రికల్లా చక్కగా చిగుర్లొచ్చాయి, మొగ్గలు కూడా విరగవేశాయి.

ఇప్పుడు పన్నెండు రోజులుగా మొగ్గ బియ్యపుగింజ కంటే కాస్త పెద్దదవగానే ఊదారంగుకు తిరిగి, ఎండి రాలిపోతోంది. పదింటిలో మూడైనా విచ్చుకోవడం లేదు. పోయినేడాది ఈపాటికి రోజూ సాయంత్రం మా అత్తగారికి మూరెడు మాల అయ్యేది, ఇప్పుడు ఖాళీ గిన్నె తెచ్చుకుంటుంటే ప్రాణం ఉసూరుమంటోంది.

మొగ్గలు చీల్చి చూశాను. కొన్నిటికి పక్కన సన్నటి రంధ్రం, లోపల నల్ల తలతో ఆకుపచ్చ పురుగు. కొన్నిటికి రంధ్రమే లేదు, అడుగున మాత్రం ఉబ్బి, లోపల కంటికి ఆనీ ఆనని తెల్ల పురుగులు.

లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి, నాలుగు రోజులకోసారి చొప్పున సాయంత్రం పూట మూడుసార్లు కొట్టాను. పాడైన మొగ్గలు ఏరి సబ్బునీళ్లలో వేస్తున్నాను. ఆకుల మీద పురుగు లేదు, మొగ్గల్లో మాత్రం తగ్గలేదు. పూలు దేవుడికి, జడలోకి కాబట్టి ఘాటు మందులు వద్దనుకుంటున్నాను.

కుండీల్లో మల్లెకు ఈ తెగులు వచ్చి తగ్గించుకున్నవాళ్లు చెప్పండి: ఇప్పుడున్న మొగ్గలన్నీ ఒక్కసారే తుంచేసి కొత్త కాపు కోసం ఆగాలా, వేపనూనే ఇంకొన్నాళ్లు కొట్టాలా?