ఫ్రాంచైజీ హిట్టయితే స్టూడియో బాసుకి ఎంత వాటా? పోతే ఎంత?

రెండో ఆట:

స్టార్ వార్స్ మాట వస్తే చాలు, ఎక్కడైనా రెండే తీర్పులు. సినిమా బాగోలేకపోతే "కాథ్లీన్ కెన్నెడీ నాశనం చేసింది" అంటారు. ఆ సినిమాలు తీసే లూకాస్‌ఫిల్మ్‌కి అధ్యక్షురాలిగా చేసినావిడ ఆమె. ఆండోర్ లాంటి సిరీస్ బాగుంటే "టోనీ గిల్‌రాయ్ ఉన్నాడు కాబట్టి బతికింది" అంటారు. ఆ సిరీస్ రాసి నడిపిన గిల్‌రాయ్ చేతికి ఆ పని ఏ సంస్థ ఇచ్చింది, అప్పుడు ఆ సంస్థ అధ్యక్షురాలు ఎవరు అన్నది ఎవరికీ పట్టదు. నష్టం రాసిన పద్దులోనే లాభం కూడా రాయాలి. లేదా రెండూ రాయడం మానేయాలి.

స్టార్ వార్స్‌తో మొదలుపెడితే వెంటనే గొడవ అవుతుంది కాబట్టి, ముందు లార్డ్ ఆఫ్ ద రింగ్స్ సంగతి చూద్దాం.

1998లో పీటర్ జాక్సన్ అంటే న్యూజీలాండ్‌లో చిన్న సినిమాలు తీసి, హాలీవుడ్ డబ్బుతో తీసిన ద ఫ్రైటెనర్స్‌తో పెద్దగా ఆడని దర్శకుడు. ఈ కథని రెండు సినిమాలుగా తీయాలని మిరామాక్స్‌తో కలిసి పనిచేస్తున్నాడు. బడ్జెట్ పెరిగింది. మిరామాక్స్ యజమాని డిస్నీ అంత డబ్బు పెట్టనంది. తమ్ముడితో కలిసి మిరామాక్స్‌ని నడిపే హార్వీ వైన్‌స్టీన్ మొత్తం కథని ఒక్క సినిమాలో కుదించమన్నాడు. జాక్సన్ కుదరదన్నాడు. అయితే నాలుగు వారాల్లో ఇంకో స్టూడియోని వెతుక్కోమన్నారు.

జాక్సన్ అరగంట పైచిలుకు వీడియో ఒకటి తయారుచేశాడు. డిజైన్లు, బొమ్మలు, చిన్న సైజు కోటలు, గ్రాఫిక్స్ పరీక్షలు అన్నీ అందులో పెట్టి లాస్ ఏంజెలెస్‌లో తిరిగాడు. వరసగా కాదన్నారు. న్యూ లైన్ సినిమాలో మార్క్ ఓర్డెస్కీ అనే పాత స్నేహితుడు ఉండబట్టి అక్కడ తలుపు తెరుచుకుంది. న్యూ లైన్ అధిపతి బాబ్ షే ఆ టేపు చివరిదాకా చూశాడు. చూసి, మూడు పుస్తకాలు ఉంటే రెండు సినిమాలు ఎందుకు అడుగుతున్నారు అన్నాడు.

ఆ ప్రశ్నకి అర్థం ఏమిటో ఆలోచించండి. మొదటి సినిమాకి ఒక్క టికెట్టు కూడా తెగకముందే మూడింటినీ ఒకేసారి తీయాలి. 1999 అక్టోబర్‌లో మొదలుపెట్టి 274 రోజులు షూట్ చేశారు. న్యూ లైన్ ఏమీ పారామౌంట్ కాదు, దెయ్యాల సినిమాల మీద పెరిగిన కంపెనీ. మొదటిది పోతే మిగతా రెండూ డబ్బాల్లోనే మునిగేవి.

సినిమాలో కనిపించే ప్రతిభ జాక్సన్‌ది, ఆయన బృందానిది. అందులో వాదన లేదు. కానీ రెండో సినిమాలోని హెల్మ్స్ డీప్ కోట యుద్ధానికి ఒక పూర్తి సినిమా క్లైమాక్స్ అయ్యేంత చోటు దొరికిందంటే అది షే ఇచ్చిన చోటే. ఆ కుర్చీలో ఉన్న మనిషి తప్ప ఇంకెవరూ తీసుకోలేని నిర్ణయం ఏదైతే ఉందో, దాని ఫలితం ఆ మనిషి పద్దులో పడాలి. నా కొలత అదే.

పాత బస్టాండ్:

రెండో ఆట గారూ, మీరు చెప్పిన కథ బాగుంది కానీ అందులో మూడు విషయాలు దాటవేశారు.

మొదటిది, షే పెట్టింది తన సొంత డబ్బు కాదు. న్యూ లైన్ అప్పటికి టైమ్ వార్నర్ చేతిలో ఉంది. పైగా విదేశీ హక్కుల్ని సినిమాలు రాకముందే ఒక్కో దేశంలో ఒక్కో పంపిణీదారుడికి అమ్మి బడ్జెట్‌లో పెద్ద భాగం వసూలు చేసుకున్నారు. అంటే రిస్కు చాలావరకు ఆ పంపిణీదారుల నెత్తిన పడింది. మన దగ్గర నిర్మాత ఫైనాన్షియర్ దగ్గర వడ్డీకి తెచ్చి, పొలం తాకట్టు పెట్టి సినిమా తీస్తాడు. పోతే ఊరు వదిలి వెళ్లినవాళ్లు ఉన్నారు. హాలీవుడ్ ఎగ్జిక్యూటివ్ ఉద్యోగి. సినిమా పోయినా జీతం వస్తుంది, తీసేస్తే పరిహారం వస్తుంది. ఈ ఇద్దరికీ ఒకే రకం ధైర్యం అంటగట్టడం నాకు నచ్చదు.

రెండోది, షే చూసిన టేపు ఎవరి డబ్బుతో తయారైంది? ఆ డిజైన్ల పని, ఆ స్క్రిప్టు పని మొదలైంది మిరామాక్స్ ఖర్చుతోనే. మరి మీ కొలత ప్రకారం, ఒక్క సినిమాకి కుదించమన్న వైన్‌స్టీన్‌కీ వాటా ఇస్తారా? సినిమా టైటిల్స్‌లో వైన్‌స్టీన్ అన్నదమ్ముల పేర్లు వేశారు, లాభాల్లో భాగం కూడా ఇచ్చారు.

మూడోది, అదే షే తర్వాత ఏం చేశాడు? మొదటి సినిమా లెక్కలు చూపించమని జాక్సన్ 2005లో కోర్టుకి వెళ్తే, తను ఉన్నంతకాలం జాక్సన్‌తో న్యూ లైన్ సినిమా చేయదని 2007 మొదట్లో బహిరంగంగా అన్నాడు. కంపెనీకి చరిత్రలోనే పెద్ద లాభం తెచ్చిపెట్టిన మనిషిని పట్టుకుని అన్న మాట అది.

మ్యాట్నీ:

పాత బస్టాండ్ అన్నా, జీతగాడికి ధైర్యం ఉండదన్న మాట ఒప్పుకోను. అలన్ లాడ్ జూనియర్‌ని గుర్తు తెచ్చుకోండి. మొదటి స్టార్ వార్స్‌ని యునైటెడ్ ఆర్టిస్ట్స్, యూనివర్సల్ కాదన్నాక ట్వంటీయెత్ సెంచరీ ఫాక్స్‌లో తీసుకున్నది ఆయనే. కథ పూర్తిగా అర్థం కాకపోయినా దర్శకుడు జార్జ్ లూకాస్ మీద నమ్మకంతో ఒప్పుకున్నానని తర్వాత చెప్పాడు. బోర్డులో చాలామందికి నమ్మకం లేదు. 1977 మేలో విడుదల రోజున 40 థియేటర్లు కూడా దొరకలేదు. ఉద్యోగం పణంగా పెట్టడం కూడా పణమే.

అదే ఫాక్స్ ఆటబొమ్మల హక్కులు, సీక్వెల్ హక్కులు లూకాస్‌కి వదిలేసింది. అప్పట్లో వాటికి విలువ ఉందని వాళ్లకి తోచలేదు. ఒకే కంపెనీ, ఒకే సినిమా, ఒక గొప్ప నిర్ణయం, ఒక ఘోరమైన నిర్ణయం.

ఎడిటింగ్ టేబుల్:

పాత బస్టాండ్ గారు చెప్పిన విదేశీ హక్కుల సంగతి దగ్గరే కాస్త ఆగాలి. ఈ చర్చకి అసలు కీలకం అక్కడ ఉందని నా నమ్మకం.

న్యూ లైన్ తర్వాతి పెద్ద ఫాంటసీ ద గోల్డెన్ కంపాస్. ఫిలిప్ పుల్‌మన్ పుస్తకాల్లో మొదటిది, 2007 డిసెంబర్‌లో వచ్చింది. ఇదీ మూడు సినిమాల వరస అవుతుందని ఆశ. ఖర్చు సుమారు 18 కోట్ల డాలర్లు. పద్ధతి మళ్లీ అదే, విదేశీ హక్కులు ముందే అమ్మేశారు. సినిమా అమెరికాలో 7 కోట్లు తెచ్చింది, బయటి దేశాల్లో 30 కోట్లు తెచ్చింది. అంటే లోకం చూసింది, అమెరికా చూడలేదు. కానీ లోకం కట్టిన టికెట్ డబ్బు న్యూ లైన్‌కి రాలేదు, ఎందుకంటే అది అప్పటికే అమ్ముడుపోయింది. మూడు నెలలు తిరక్కుండానే, 2008 ఫిబ్రవరిలో టైమ్ వార్నర్ ఆ కంపెనీని వార్నర్ బ్రదర్స్‌లో కలిపేసింది. షే, ఆయన భాగస్వామి మైకేల్ లిన్ బయటికి వెళ్లారు. 1967లో షే మొదలుపెట్టిన కంపెనీ అది.

ఒకే మనుషులు, ఒకే పద్ధతి. ఒకసారి అది మూడు సినిమాల్ని సాధ్యం చేసింది. ఇంకోసారి, సినిమా బయట బాగానే ఆడినా కంపెనీని కాపాడలేకపోయింది. మొదటిదాన్ని ముందుచూపు అని, రెండోదాన్ని తెలివితక్కువతనం అని మనం ఫలితం చూశాకే పిలుస్తున్నాం. 1998లోనూ 2007లోనూ ఆ ఒప్పందం వెనక లెక్క ఒకటే. ఖర్చు పంచుకోవాలి, లాభంలో కొంత వదులుకోవాలి.

ఇంకో మాట. గోల్డెన్ కంపాస్ పుస్తకం చివరి ఘట్టాన్ని షూట్ చేశారు. చాలా చీకటి ముగింపు అది. దాన్ని రెండో సినిమాకి దాచి, మొదటి సినిమాని ఆశగా ముగించారు. రెండో సినిమా రానే లేదు. దర్శకుడు క్రిస్ వైట్జ్ తన సినిమా తన చేతిలో లేకుండా పోయిందని తర్వాత చెప్పుకున్నాడు. విదేశీ హక్కులు మార్కెట్ జూదం, దాని మీద నేను షేని తప్పుపట్టను. ముగింపు కత్తిరించడం మాత్రం కచ్చితంగా తప్పు. ఎగ్జిక్యూటివ్‌ని తూచాలంటే డబ్బు మీద వేసిన పందేలు ఒకవైపు, కథ మీద పెట్టిన చెయ్యి ఒకవైపు విడదీసి తూచాలి.

రెండో ఆట:

ఎడిటింగ్ టేబుల్ గారి విభజన బాగుంది, నా కొలతకి అది చేరుస్తున్నాను. కానీ కథ మీద చెయ్యి పెట్టింది ఎప్పుడూ స్టూడియోనే అనుకోవద్దు. జాక్సన్ తర్వాత తీసిన హాబిట్‌నే చూడండి. పిల్లల పుస్తకం ఒకదాన్ని మూడు సినిమాలుగా సాగదీశారని అందరూ వార్నర్ బ్రదర్స్‌ని తిడతారు. ముందు అనుకున్నది రెండే. తీసినంతవరకు చూసుకున్నాక మూడో సినిమా కావాలని స్టూడియోని అడిగింది తామేనని జాక్సనే చెప్పాడు. 2012 జూలైలో ఆ ప్రకటన ఇచ్చింది కూడా ఆయనే.

స్టూడియోల తప్పు ఉన్నది ఇంకోచోట. హాబిట్‌కి మొదట అనుకున్న దర్శకుడు గియెర్మో డెల్ టోరో 2010లో తప్పుకున్నాక జాక్సన్ దర్శకత్వం చేపట్టాడు. కొత్త దర్శకుడు వచ్చాడు కాబట్టి మళ్లీ మొదటినుంచీ తయారీకి సమయం ఇవ్వాలి. ఇవ్వలేదు. ఏ షాట్ ఎలా ఉండాలో ముందే గీసుకునే స్టోరీబోర్డులు లేకుండానే సెట్టు మీదికి వెళ్లిన రోజులు ఉన్నాయని మూడో సినిమా డీవీడీలో ఆయనే చెప్తాడు. అలసిపోయిన ముఖంతో ఓ మూల కూర్చుని ఉంటాడు, చుట్టూ జనం ఎదురుచూస్తుంటారు. చివరికి యుద్ధ ఘట్టం షూటింగ్ ఆపి తర్వాతికి వాయిదా వేసుకున్నారు. అదే మనిషి లార్డ్ ఆఫ్ ద రింగ్స్‌కి కెమెరా తిప్పేముందు రెండేళ్లకి పైగా తయారీలో ఉన్నాడు.

డబ్బు కన్నా, కథ కన్నా పెద్ద అధికారం సమయం మీద ఉంటుంది. విడుదల తేదీ కుర్చీలో కూర్చున్నవాళ్లే వేస్తారు.

ఫ్రేమ్ 24:

నేను హైదరాబాద్‌లో వి.ఎఫ్.ఎక్స్.లో, అంటే సినిమా గ్రాఫిక్స్‌లో పనిచేస్తాను. తేదీ గురించి రెండో ఆట గారు అన్న మాట చదివి రాస్తున్నాను.

మా దాకా వచ్చేది షాట్లే. మనుషుల అంచులు కత్తిరించే రోటో, అక్కర్లేనివి చెరిపే పెయింట్, అన్నీ కలిపి అతికే కాంప్. ఎగ్జిక్యూటివ్ ఎవరో మాకు తెలియదు కానీ వాళ్ల నిర్ణయం మాత్రం మాకు తెలుస్తుంది. ఫైనల్ అయిన షాట్‌కి మళ్లీ నోట్స్ వస్తాయి, డెలివరీ తేదీ మాత్రం కదలదు. ఒక పెద్ద ఫ్రాంచైజీ సినిమాకి చేశాం, పేరు చెప్పను. ఆఖరి యుద్ధం పూర్తయ్యాక వెనక ఆకాశం పగలు కాదు, సాయంత్రం కావాలన్నారు. ఆకాశం మారితే జుట్టు అంచుల నుంచి కత్తి మీది మెరుపు దాకా అన్నీ మారతాయి. ఎక్కువ ఒప్పందాల్లో ముందే ఒక మొత్తం మాట్లాడుకుంటారు కాబట్టి, మార్పుల భారం చాలాసార్లు కంపెనీ మీద, రాత్రులు మా మీద పడతాయి.

మీరు గోల్డెన్ కంపాస్ గురించి మాట్లాడుతున్నారు. ఆ సినిమా విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ తెచ్చుకున్న సంస్థల్లో రిథమ్ అండ్ హ్యూస్ ఒకటి. వాళ్లకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది, నాకు సీనియర్లు చాలామంది అక్కడ పనిచేసినవాళ్లే. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో లైఫ్ ఆఫ్ పై సినిమాకి మళ్లీ ఆస్కార్ అందుకుంది. స్టూడియో బాసుల జమాఖర్చు రాస్తున్నారు కదా, ఈ ఖర్చు ఏ పద్దులో రాస్తారు? హిట్టయిన సినిమాలకి కూడా ఇది ఉంది.

పాత బస్టాండ్:

ఫ్రేమ్ 24 గారూ, మీరు చెప్పింది మిగతా అందరూ చెప్పినదానికన్నా బరువైనది. నేను రిస్కు ఎవరిది అని అడిగాను, మీరు జవాబు చెప్పారు.

రెండో ఆట గారూ, ఇక స్టార్ వార్స్‌కి రండి. మీరు మొదలుపెట్టి తప్పించుకున్నారు. కెన్నెడీ పద్దు రాయండి.

రెండో ఆట:

రాస్తాను.

జమ: స్పీల్‌బర్గ్‌తో ఇ.టి. నుంచి నిర్మాతగా పనిచేసిన కెన్నెడీని లూకాస్ స్వయంగా ఎంచుకుని 2012లో తన సంస్థలో కూర్చోబెట్టాడు. అదే ఏడాది డిస్నీ ఆ సంస్థని 405 కోట్ల డాలర్లకి కొంది. 2015లో స్టార్ వార్స్ సినిమా ద ఫోర్స్ అవేకెన్స్ 200 కోట్ల డాలర్లు దాటింది. మరో స్టార్ వార్స్ సినిమా రోగ్ వన్ ఇబ్బందుల్లో పడితే గిల్‌రాయ్‌ని తీసుకొచ్చి నిలబెట్టారు, ఆ పరిచయమే ఆండోర్‌కి దారి అయింది. మాండలోరియన్ సిరీస్ కూడా ఆమె హయాంలోదే.

ఖర్చు: ముగింపు ఏమిటో తేల్చుకోకుండా, ద ఫోర్స్ అవేకెన్స్‌తో మొదలైన మూడు సినిమాల్ని ముగ్గురు దర్శకుల చేతిలో పెట్టడం. ఇది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు, దీన్ని నేను వెనకేసుకురాను. మూడో దర్శకుడు కాలిన్ ట్రెవరో 2017లో వెళ్లిపోయాక మళ్లీ మొదటి దర్శకుడు జె.జె. ఏబ్రమ్స్‌నే పిలవాల్సి వచ్చింది. మూడో సినిమా రెండోదానితో తగువు పడుతున్నట్టు ఉంటుందంటే కారణం అదే.

కానీ సోలో సంగతి వేరు. 2017 డిసెంబర్‌లో ఒక స్టార్ వార్స్ సినిమా వస్తే, అయిదు నెలలకే 2018 మేలో సోలోని వదిలారు. సుమారు 39 కోట్ల డాలర్లతో ఆగిపోయింది. సినిమాల మధ్య ఎడం తగ్గించిన నిర్ణయం తనదేనని, ఆ తప్పు తనదేనని డిస్నీ అధిపతి బాబ్ ఐగర్ అదే ఏడాది ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. కాబట్టి సోలో నష్టాన్ని ఆమె పద్దులోంచి తీసి ఐగర్ పద్దులో వేయండి.

పాత బస్టాండ్:

సగమే వేస్తాను. దర్శకులు ఫిల్ లార్డ్, క్రిస్ మిల్లర్‌ని షూటింగ్ చివరికి వస్తుండగా తీసేసి, రాన్ హోవార్డ్‌తో చాలా భాగం మళ్లీ తీయించింది ఐగర్ కాదు. వాళ్లది హాస్యం పండించే పద్ధతి అని, స్క్రిప్టు పక్కన పెట్టి సెట్టు మీద మాటలు అల్లుతారని వాళ్లని పెట్టుకునేటప్పుడే తెలుసు. ఒకే సినిమాకి దాదాపు రెండుసార్లు ఖర్చు పెట్టాక తేదీ ఏదైతే మాత్రం వసూళ్లు చాలేవా?

ఎడిటింగ్ టేబుల్:

చాలేవి కావు. అయినా ఆ రీషూట్ల తర్వాత కూడా మే తేదీ కదల్చలేదు చూడండి, అది మళ్లీ డిస్నీ పద్దే. మీరు సగం అన్నారు, నేను మూడింట రెండొంతులు ఐగర్‌కి వేస్తాను.