బాక్స్‌స్టర్ యాక్సిల్ బూటు పగిలింది: బూటు ఒక్కటే మార్చాలా, షాఫ్టు మొత్తమా?

పాలమూరు_రోడ్లు:
అందరికీ నమస్తే. ఉండేది మహబూబ్‌నగర్‌లో. నాది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న పోర్షే బాక్స్‌స్టర్, 987 మోడల్. సర్వీసు కోసం బండి పైకి లేపితే ఎడమ వెనక చక్రం వైపు అంతా గ్రీజు చిమ్మి ఉంది. ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే షాఫ్టుకు గేర్‌బాక్స్ వైపు ఉండే సివి జాయింట్ (వంగుతూ తిరిగే కీలు) మీది బూటు, అంటే లోపలి గ్రీజును కాపాడే మడతల తొడుగు, మడతల మధ్య పగిలింది. నడుపుతుంటే శబ్దమేమీ లేదు. జడ్చర్లలో ఒక మెకానిక్ "చీలిక బూటు (పక్కన చీల్చి ఉండేది) దొరుకుతుంది, షాఫ్టు దింపకుండానే అతికించి కేబుల్ టై వేసేద్దాం" అంటున్నాడు. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపు వాళ్లేమో బూటు ఒక్కటే మార్చరట, షాఫ్టు మొత్తం మార్చాలంటున్నారు. ఖర్చులో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉంది. మీరైతే ఏం చేస్తారు?

నల్గొండ_షెడ్డు:
అన్నా, ఆ రెండూ వద్దు. షాఫ్టు దింపించండి, జాయింటు విప్పి చూడండి, బాగుంటే ఒకే ముక్కగా వచ్చే కొత్త బూటు వేయించండి. విప్పకుండా ఎవరేం చెప్పినా అది ఊహే.

శబ్దం లేదన్న ధీమా మాత్రం పెట్టుకోకండి. ముందు చక్రాలకు పవర్ వెళ్లే స్విఫ్ట్, పోలో లాంటి బండ్లలో స్టీరింగ్ మొత్తం తిప్పి కదిలిస్తే, చక్రం వైపున్న బయటి జాయింటు అరిగి ఉంటే టకటకమంటుంది. మీ బండికి పవర్ వెళ్లేది వెనక చక్రాలకు. అవి స్టీరింగ్‌తో తిరగవు కాబట్టి ఆ జాయింట్లు అంత కోణంలోకి వెళ్లవు. అందుకే అరుగుదల మొదలైనా చాలాకాలం బయటపడదు. యాక్సిలరేటర్ వదిలి మళ్లీ తొక్కినప్పుడు వెనక నుంచి ఒక్క దెబ్బ "ఠక్"మని వినిపిస్తుందేమో చూడండి.

విప్పాక మొదట పాత గ్రీజును రెండు వేళ్ల మధ్య రుద్దండి. నల్లగా ఉంటే భయం లేదు, మోలీ (మాలిబ్డినం కలిపిన) గ్రీజు రంగే అంత. గరగరలాడితే దుమ్ము చేరినట్టు. మన వైపు నేల గ్రానైట్ నుంచి వచ్చింది, ఆ ఇసుకలో ఉండే క్వార్ట్జ్ బేరింగు స్టీలునైనా గీకేస్తుంది. తర్వాత కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, జాయింటులోని స్టీలు గోళీలు, అవి నడిచే గాళ్లు, గోళీలను పట్టి ఉంచే కేజ్ వెలుతురులో చూడండి. గాడి అద్దంలా మెరుస్తుంటే పర్వాలేదు. గోరు పెట్టి లాగితే తట్టుకునే గుంట ఉందంటే ఆ జాయింటు పనైపోయింది. విప్పే ముందే మార్కు పెట్టించండి, ఏ గోళీ ఏ గాడిలో నడిచిందో మళ్లీ అందులోకే వెళ్లాలి.

హైవే65:
షెడ్డు అన్న చెప్పినదాంతో నేను ఏకీభవించను. ఎప్పుడు పగిలిందో ఓనరుకే తెలియదు. గ్రీజు చిమ్మిపోయి, ఎంత దూరం ఎండు జాయింటుతో తిరిగిందో ఎవరు చెప్తారు? గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఆ చక్రం నిమిషానికి దాదాపు 800 సార్లు తిరుగుతుంది. 44వ నంబరు హైవే మీద కర్నూలు వైపు వెళ్తుంటే మధ్యలో జాయింటు చేతులెత్తేస్తే? షాఫ్టు దింపడానికీ ఎక్కించడానికీ లేబర్ ఎలాగూ ఇవ్వాలి. అదే లేబర్‌తో కొత్తది వేస్తే పనీ టెన్షనూ ఒకేసారి పోతాయి. వర్క్‌షాపు వాళ్లు డబ్బు కోసమే చెప్తున్నారని అనుకోవడం కూడా న్యాయం కాదు. బూటు మార్చి పంపిన తర్వాత జాయింటు మోగితే మాట పడేది వాళ్లే.

దేవరకొండ_రైడర్:
కేబుల్ టైని అంత తీసిపారేయకండి. మా వైపు పొలాల్లో తిరిగే బండ్లకు హోస్ క్లిప్పులు వేసుకుని ఏళ్లకేళ్లు నడుపుతున్నారు. పార్టు వచ్చేదాకా బండి మూలన పెట్టుకోవాలా?

నల్గొండ_షెడ్డు:
తమ్మీ, ఇంటికి చేరడానికైతే కేబుల్ టై వేసుకో, నేనేమీ అనను. దాన్నే రిపేరు అనుకుంటేనే నా పేచీ. నెమ్మదిగా పొలానికి పోయొచ్చే బండి లెక్క వేరు, దీని లెక్క వేరు. ఈ బండిలో ఇంజిన్, సైలెన్సర్ రెండూ వెనకే ఉంటాయి. గేర్‌బాక్స్ వైపున్న లోపలి బూట్లకు ఆ వేడి నేరుగా తగులుతుంది. దానికి తోడు మన మే నెల ఎండ. ప్లాస్టిక్ టై వేడికి కొంత సాగుతుంది, తర్వాత పెళుసెక్కి తెగుతుంది. హోస్ క్లిప్పుకు స్క్రూ ఉన్నచోట ఒకవైపే బరువు. పైగా పట్టు చుట్టూ సమానంగా పడదు, స్క్రూ కింద బూటు ముడుచుకుని సందు మిగులుతుంది. ఆ సందులోంచే గ్రీజు పారుతుంది.

వేయాల్సింది స్టీలు చెవి క్లాంప్, అంటే పైకి లేచిన చెవిని నొక్కితే బిగుసుకునే పట్టీ. దాని చెవిని నొక్కే పటకారు వేరే వస్తుంది, కటింగ్ ప్లేయర్‌తో వంచితే పట్టు సరిగా రాదు. ఈమధ్య వచ్చే గట్టి ప్లాస్టిక్ రకం బూట్లకు, పాత మెత్తటి రబ్బరు బూట్లకన్నా ఎక్కువ బిగువు కావాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు. కొత్త బూటు నాసిరకమని తిట్టుకుంటారు, అసలు లోపం క్లాంపుది.

చీలిక బూటు గురించి కూడా చెప్తాను. అతికించే అంచుకు వేలికి అంటిన గ్రీజు తగిలినా జిగురు పట్టదు. పట్టినా ఆ అతుకు ప్రతి చుట్టుకూ వంగుతూనే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, అతికించే వాళ్లు జాయింటును కడగరు. లోపలి దుమ్మును లోపలే పెట్టి మూత వేసినట్టు అవుతుంది.

బిగించేటప్పుడు మూడు చోట్ల జాగ్రత్త. షాఫ్టు మీద బూటు కూర్చునే గాడిని గ్రీజు లేకుండా పొడిగా తుడవాలి, లేకపోతే క్లాంప్ కిందే బూటు జారుతుంది. గ్రీజు బూటుతో పాటు వచ్చిన ప్యాకెట్‌దే, మొత్తం వాడాలి. చక్రం బేరింగు గ్రీజు డబ్బాలోంచి తీసి నింపనివ్వకండి. ఇక చిన్న వైపు క్లాంప్ బిగించే ముందు షాఫ్టును బండిలో ఉండే పొడవుకు తెచ్చి, మొన నునుపుగా ఉన్న స్క్రూడ్రైవర్‌తో బూటు అంచును కాస్త లేపి గాలి సర్దుకోనివ్వాలి. అలా చేయకపోతే మడతలు లోపలికి పీల్చుకుపోతాయి, లేదా బెలూన్‌లా ఉబ్బుతాయి. అప్పుడు కొత్త బూటైనా తొందరగా చిరుగుతుంది.

హైవే65 అన్నా, గుంటలు కనిపిస్తే మీ మాటే నా మాట. కనిపించకుండా మంచి జాయింటును పారేయడం ఎందుకు? పైగా తక్కువ ధరకు వచ్చే పేరులేని కొత్త షాఫ్టుల కన్నా, కంపెనీతో వచ్చిన పాత జాయింటే మేలైన సందర్భాలు చాలా ఉంటాయి.

పాలమూరు_రోడ్లు:
షాఫ్టు దింపించాను, దగ్గరుండి చూశాను. పగులు గుండా కొంత గ్రీజు పోయింది, మిగిలింది మెత్తగానే ఉంది, గరగర లేదు. గాళ్లలో గోరు ఎక్కడా తట్టుకోలేదు. ఒక్క గోళీ మీద సన్నటి గీత ఉంది, వేలికి తెలియదు. బయటి బూటు బాగానే ఉంది కానీ మడతల అడుగున సన్నగా బీటలు. దాన్నీ మార్చమని చెప్పాను, ఎలాగూ లోపలి జాయింటు తీశాక రెండూ అటు నుంచే ఎక్కుతాయట. బండి మాత్రం షెడ్డులో అడ్డంగా ఉందని తోసి పక్కన పెడతామంటున్నారు.

నల్గొండ_షెడ్డు:
తోయనివ్వకండి! షాఫ్టు లేకుండా, దాన్ని చక్రం దగ్గర బిగించే హబ్ నట్టు బిగువు లేకుండా ఆ చక్రం మీద బరువు వేసి దొర్లిస్తే చక్రం బేరింగు పాడవుతుంది. స్టాండు మీదే ఉంచమనండి. జాయింటును షాఫ్టు మీద ఆపే సర్క్లిప్ కొత్తది, హబ్ నట్టు కొత్తది. జాయింటును గేర్‌బాక్స్‌కు బిగించే ఫ్లాంజ్ బోల్టులు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కే (బిగింపు కొలత), టార్క్ రెంచ్‌తోనే.

హైవే65:
సరే, గాళ్లు బాగున్నాయంటే బూటుతో నడపండి, దీనికి నా అభ్యంతరం లేదు. ఆ గీత పడ్డ గోళీ మాత్రం నాకు ఇంకా నచ్చడం లేదు. ఒక షరతు: కొంత దూరం తిరిగాక మళ్లీ పైకి లేపి క్లాంపుల చుట్టూ గుడ్డతో తుడిచి చూడండి, ఫ్లాంజ్ బోల్టుల మీద కూడా ఒకసారి రెంచ్ పెట్టించండి. గుడ్డకు కొత్త గ్రీజు అంటినా, ఠక్‌మని వినిపించినా ఆ వైపు షాఫ్టు మార్చేయాలి. అప్పుడు మళ్లీ బూటు బేరం వద్దు.

దేవరకొండ_రైడర్:
ఆ చెవి క్లాంప్ పటకారు నల్గొండలో ఎక్కడైనా దొరుకుతుందా అన్నా, లేక వనస్థలిపురం ఆటోనగర్ దాకా పోవాలా?

నల్గొండ_షెడ్డు:
మా షెడ్డులో ఉంది తమ్మీ. బూటు కిట్టు తెచ్చుకుని రా, నేనే నొక్కిస్తా.