ఖాళీ బండికి వెనక టక్ టక్, లోడు వేస్తే మాయం. షాకబ్జర్లు మార్చినా పోలేదు

ఉద్దానం పికప్:
అందరికీ నమస్తే. మాది పలాస దగ్గర. సెకండ్ హ్యాండ్‌లో కొన్న పికప్ నడుపుతున్నాను, కవిటి వైపు నుంచి కొబ్బరికాయలు, సీజన్‌లో జీడిపిక్కలు, ఒక్కో బస్తా 80 కేజీలు, అంటే బండి ఎప్పుడూ నిండుగానే వెళ్తుంది, తిరిగొచ్చేటప్పుడే ఖాళీ. సమస్య కూడా ఆ ఖాళీలోనే. స్పీడ్ బ్రేకర్ దిగితే వెనక టక్ టక్, గుంతల రోడ్డు మీద గడగడ, ఇది కాక నెమ్మదిగా వెళ్తుంటే పాత మంచంలా కిర్రు కిర్రు. లోడు వేస్తే టక్ టక్ పూర్తిగా పోతుంది. వానలో తడిస్తే కిర్రు కూడా పోతుంది, మర్నాడు ఎండకి మళ్ళీ మొదలు. ఒక షెడ్డులో చూపిస్తే షాకబ్జర్లు పోయాయని రెండూ మార్చారు, నాలుగు వేల పైనే అయింది, చప్పుడు మాత్రం అలాగే ఉంది. ఇంక షెడ్డుకి వెళ్ళే ఓపిక లేదు. ఇంట్లో జాకీ, పానాల సెట్టు, ఒక పలుగు ఉన్నాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?

సాలూరు లారీ మనిషి:
బావూ, ముప్పై ఏళ్ళు లారీ కింద పడుకున్నవాడిని, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఓపిక పట్టు. షాకబ్జర్ పోతే బండి ఊగుతుంది, దాని మీద ఆయిల్ కారుతుంది, టైరు ఎగుడుదిగుడుగా అరుగుతుంది. టక్‌మని కొట్టేది ఎక్కువగా దాని రెండు చివర్లలో బోల్టు చుట్టూ ఉండే రబ్బరు బుష్షులే. షాకబ్జర్ మార్చి, పాత బోల్టు, పాత వాషర్ అలాగే బిగించి పంపేవాళ్ళు కూడా ఉన్నారు, అదొకసారి చూసుకో.

లోడు వేస్తే పోతోంది అన్నావు చూడు, సగం జవాబు అక్కడే ఉంది. బరువు పడితే కమాన్ (ఇరుసు దగ్గర వంపుగా ఉండే స్ప్రింగు) పట్టీలు ఒకదానికొకటి గట్టిగా నొక్కుకుంటాయి, షాకిల్‌లో, అంటే కమాన్ చివరని ఛాసిస్‌కి కలిపే కదిలే లింకులో, బుష్ ఒక పక్కకి ఒత్తుకుని కదలదు. ఖాళీ బండిలో అరిగిన బుష్ లోపల బోల్టుకి సందు దొరుకుతుంది, గుంతలో చక్రం కిందికి దిగి పైకి లేచినప్పుడల్లా ఆ సందులో ఇనుము ఇనుముని కొడుతుంది. పట్టీలను కలిపి పట్టుకునే క్లిప్పులు వదులైనా ఇదే చప్పుడు. అడుగున ఉండే మొద్దు పట్టీకి రబ్బరు ప్యాడ్ ఉంటే అది ఊడిపోయిందేమో కూడా చూడు.

ఇప్పుడు పరీక్ష. ముందు స్టెప్నీ దించి ఇంట్లో పెట్టి అదే రోడ్డు మీద ఒకసారి తిరిగిరా. నవ్వకు, కింద గొలుసు వదులై స్టెప్నీ కొట్టుకుంటుంటే సస్పెన్షన్ పోయిందని బండి మొత్తం విప్పించుకున్న వాళ్ళని నేను చూశాను. తర్వాత బండిని చదునైన చోట ఆపి, ఇంజిన్ ఆపి, నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి, ఒకరిని వెనక బంపర్ మీద ఎక్కి ఊపమను. నువ్వు పక్క నుంచి చెయ్యి పెట్టి షాకిల్ బోల్టు తల, ముందు వైపు కమాన్ కన్ను, షాకబ్జర్ చివర, ఒక్కొక్కటిగా పట్టుకుని చూడు. చప్పుడు చెవికి ఒక చోట వినిపిస్తుంది, పుట్టేది ఇంకో చోట. చెయ్యి అబద్ధం చెప్పదు. వేళ్ళు మాత్రం సందుల్లో పెట్టకు.

కమాన్‌ని ఇరుసుకి బిగించే యూ బోల్టుల దగ్గర పట్టీ మీద, ప్లేటు మీద కలిసేలా సుద్దముక్కతో ఒక గీత గియ్యి. రెండు రోజుల తర్వాత గీత రెండు ముక్కలై జరిగితే బోల్టులు వదులయ్యాయనో, లోపల పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టుకునే సెంటర్ బోల్టు విరిగిందనో అర్థం. అది విరిగితే ఇరుసు పక్కకి జరిగి బండి పీతలా నడుస్తుంది, ఇక దాన్ని రోడ్డెక్కించకు.

నెల్లిమర్ల డీజిల్:
ఇంత కథ దేనికండీ? కాలిన ఇంజినాయిల్‌లో కాస్త డీజిల్ కలిపి కమాన్ అంతా బ్రష్‌తో పూసెయ్యండి. మా వీధిలో ఆటోలు, పికప్‌లు అన్నిటికీ ఇదే వైద్యం. కిర్రు వారం రోజులు వినపడదు.

చీపురుపల్లి వర్క్‌షాప్:
వారం తర్వాత ఏమవుతుందో కూడా చెప్పండి మరి. ఆ ఆయిల్‌కి దుమ్ము అంటుకుని పట్టీల మధ్య ఉప్పుకాగితంలా పనిచేస్తుంది. పైగా డీజిల్, ఇంజినాయిల్ తగిలితే రబ్బరు బుష్ ఉబ్బి మెత్తబడి చిరిగిపోతుంది. ఈయనకి ఇప్పటికే బుష్షుల మీద అనుమానం ఉంది, దాని మీద ఆయిల్ పొయ్యమంటారా? కొన్ని బండ్లలో ఇనుప, కంచు బుష్షులు ఉంటాయి, వాటికి గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉంటుంది, అక్కడ గ్రీజు గన్‌తో పాత గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలి. నిపుల్ లేదంటే రబ్బరు బుష్, దానికి కావాలంటే సిలికాన్ గ్రీజు, అంతే.

ఉద్దానం అన్నా, ఒక్క మాట. బండి కిందికి వెళ్ళేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకండి. ఛాసిస్ కింద స్టాండ్లు వెయ్యండి, ముందు చక్రాలకి రెండు వైపులా అడ్డం పెట్టండి. ఇటుకలు పెట్టొద్దు, పగిలిపోతాయి.

ఉద్దానం పికప్:
రెండు ఆదివారాలు పట్టింది, వివరంగా రాస్తున్నాను. సాలూరు బావుగారు నవ్వొద్దన్నారు గానీ స్టెప్నీ దించగానే గడగడ సగానికి పైగా పోయింది, నాకే నవ్వొచ్చింది. తర్వాత మా తమ్ముడు బంపర్ మీద గెంతుతుంటే ఎడమ షాకిల్ కింది బోల్టు దగ్గర చేతికి టక్‌మని తగిలింది. కుడి వైపు ఏమీ లేదు.

ఛాసిస్‌కి స్టాండ్లు వేసి, ఇరుసు కింద జాకీ పెట్టి కమాన్ మీద బరువు తగ్గాక బోల్టు తీద్దామంటే ససేమిరా రాలేదు. మాది సముద్రం గాలి, బుష్ లోపలి గొట్టానికి బోల్టు తుప్పుతో అతుక్కుపోయింది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి రాత్రంతా వదిలేసి మర్నాడు సుత్తితో కొడితే వచ్చింది. బుష్ రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా అయింది. కొత్తవి బెంచి వైస్‌లో పెద్ద సాకెట్ అడ్డం పెట్టి నొక్కాను, రెండు వైపులా మార్చేశాను. టక్ టక్ పోయింది. కానీ ఖాళీ బండి ఎడమ పక్క కాస్త ఎత్తుగా, బిరుసుగా ఉన్నట్టు అనిపిస్తోంది. కిర్రు ఇంకా ఉంది.

సాలూరు లారీ మనిషి:
బోల్టు చివరి బిగింపు బండి స్టాండ్ల మీద ఉండగా బిగించావు కదూ?

ఉద్దానం పికప్:
అవును. తప్పా?

సాలూరు లారీ మనిషి:
తప్పే. కమాన్ వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ స్థితిలోనే పట్టుకుంటుంది, బండి నేల మీదకి దిగాక ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. అందుకే బిరుసు. అలా వదిలేస్తే కొత్త బుష్ కూడా త్వరగా చిరుగుతుంది. చక్రాలు నేల మీద పెట్టి బోల్టులు కాస్త వదులు చేసి, బండిని నాలుగుసార్లు ఊపి అప్పుడు బిగించు. ఎంత బిగించాలో మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. బలం ఉంది కదా అని పైపు తొడిగి లాగకు.

కిర్రు పట్టీల మధ్యదే, వానకి పోతోందంటే ఇంక అనుమానం లేదు. దానికి కమాన్ దించి పట్టీలు విడదీసి, తుప్పు బ్రష్‌తో గీకి, గ్రాఫైట్ గ్రీజు పూయాలి. చివర్లలో ప్యాడ్లు ఉండే రకమైతే అవి అరిగాయేమో చూసి మార్చాలి. ఇది ఇంట్లో ఒక్కడివే చెయ్యకు, విప్పేటప్పుడు కమాన్ ఎగిరి తంతుంది.

ఉద్దానం పికప్:
బోల్టులు నేల మీద బిగించాక బిరుసు పోయింది. కమాన్ కాశీబుగ్గలో ఒక కమాన్ షాపులో దింపించాను. ఎడమ వైపు మూడో పట్టీ మీద సన్నగా తుప్పు గీత ఒకటి ఉంది, గోరుతో గీస్తే తగులుతోంది. వెల్డింగ్ పెట్టేస్తామంటున్నారు.

సాలూరు లారీ మనిషి:
ఒప్పుకోకు. అది పగులు. వెల్డింగ్ వేడికి ఆ పట్టీ గుణం పోతుంది, జీడిపిక్కల లోడు మీద మళ్ళీ అక్కడే విరుగుతుంది. పట్టీ మార్పించు, యూ బోల్టులు కూడా కొత్తవే అడుగు, పాతవి ఒకసారి సాగాక పట్టు ఉండదు. మొదటి లోడు దించాక ఒకసారి మళ్ళీ బిగించుకో.

ఉద్దానం పికప్:
సరే బావుగారూ, పట్టీ మార్పిస్తున్నాను. స్టెప్నీకి కూడా కొత్త గొలుసు తెచ్చాను.