లైసెన్స్ దారి గురించి జియాలజీ పిల్లలకు మొదటి ఏడాదిలోనే చెప్పాలా?

చీమకుర్తి జియో: బీఎస్సీ అవగానే చీమకుర్తి దగ్గర ఒక క్వారీలో చేరాను. నాలుగేళ్లు చేశాను. బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ దిమ్మె మీద నీళ్లు చల్లి, పైతడి ఆరేదాకా ఆగితే పగులున్న చోట సన్నటి తడి గీత మిగులుతుంది. దాని వెంబడి సుద్దతో గీసేవాణ్ణి, కోత ఆ గీతను బట్టే. తర్వాత ఎమ్మెస్సీ చేశాను. సైదాపురం వైపు క్వార్ట్‌జ్ గనులకు మైనింగ్ ప్లాన్, అంటే గనిని ఎలా తవ్వాలో చెప్పే పత్రం, తయారు చేద్దామని 2016 నాటి కేంద్ర ఖనిజ నిబంధనలు తీస్తే గుండె జారింది. ఆ ప్లాన్ చేసేవాళ్లకు మైనింగ్ ఇంజనీరింగ్ డిగ్రీ గానీ జియాలజీ పీజీ గానీ ఉండాలి, ఆ పట్టా వచ్చాక సూపర్‌వైజరీ హోదాలో ఐదేళ్లు చేసి ఉండాలి. నా నాలుగేళ్లూ పీజీకి ముందువి, లెక్కకు రావు. కాలేజీలో ఒక్కరు చెప్పినా ముందే పీజీ చేసేవాణ్ణి.

ఒంగోలు లెక్చరర్: మీ బాధ అర్థమైంది బాబూ. కానీ మొదటి ఏడాది పిల్లలకు బయోటైట్, హార్న్‌బ్లెండ్ అనే ఖనిజాల తేడా చెప్పడానికే టైం చాలదు. అప్పుడే రూల్స్ అంటే టెన్షన్ పడి గ్రూపు మారిపోతారు. అమెరికాలో సుమారు ముప్పై రాష్ట్రాల్లో జియాలజిస్టుకు లైసెన్స్ ఉంది. ఫండమెంటల్స్ పరీక్ష చాలాచోట్ల డిగ్రీ చివర్లోనే రాయనిస్తారు, కొన్నేళ్లు పనిచేశాక ప్రాక్టీస్ పరీక్ష. మనకు అలాంటిది లేదు. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష ఉద్యోగం కోసమే. లేని లైసెన్స్‌కి పాఠమేంటి?

సైదాపురం: లైసెన్స్ అన్న పేరు లేకపోవచ్చు సార్, మైనింగ్ ప్లాన్ మీద సంతకానికి విలువ ఉంది కదా! 2025 ఫిబ్రవరిలో మైకా, క్వార్ట్‌జ్, ఫెల్‌స్పార్, బెరైటీస్ నాలుగింటినీ మైనర్ నుంచి మేజర్ ఖనిజాల్లోకి మార్చారు. ఇప్పుడు మా ఊరి గనులకూ చీమకుర్తి అన్న చెప్పిన కేంద్ర రూలే. ఇంకోటి, గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ ఇచ్చే మైన్ మేనేజర్ సర్టిఫికెట్ వేరే దారి. మావాళ్లు రెండూ ఒకటే అనుకుని తిరుగుతున్నారు.

నెల్లూరు ఫైనల్ ఇయర్: అన్నా, నేను క్వారీలో ఇంటర్న్‌షిప్ చేశాను. లెటర్‌లో ‘సైట్ విజిట్’ అని రాసిచ్చారు. పనికొస్తుందా?

చీమకుర్తి జియో: ఈ ఐదేళ్లలోకి రాదమ్మా. పీజీ అయ్యాక చేరేటప్పుడు మాత్రం అపాయింట్‌మెంట్ లెటర్ అడిగి తీసుకో. హోదా, చేరిన తేదీ, ఎవరి పని చూస్తున్నావో అందులో ఉండాలి. నాకు జీతం వోచర్ల మీద ఇచ్చారు, హోదా దగ్గర ‘హెల్పర్’ అని ఉంది. క్వారీ మూతబడితే ఎవరి దగ్గరికెళ్లి అడుగుతాం? ఏటా ఒక లెటర్ రాయించుకో.

ఒంగోలు లెక్చరర్: ఆ వోచర్ సంగతి నాకూ తెలియదు. మొదటి ఏడాది మాత్రం ఒప్పుకోను. ఆఖరి సెమిస్టర్‌లో ఒక క్లాసు ఇస్తాను, మీరే వచ్చి చెప్పండి.

చీమకుర్తి జియో: వస్తాను సార్. కానీ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి వెళ్లకముందే పెట్టండి. ఆ వోచర్లు తెచ్చి చూపిస్తాను.